వంశావళికి విల్లంగ సర్టిఫికెట్

పోయిన పొంగలి సెలవుల్లో చిన్నాయన వరుసైన ఒక పెద్దాయన పీలమేడులో మా ఇంటికి వచ్చి, టైపు చేయించిన కాగితాల కట్ట ఒకటి నా చేతిలో పెట్టారు. "మన వంశావళిరా. పుస్తకం వేయిస్తున్నా. నువ్వు బ్యాంకులో వున్నోడివి, తప్పులుంటే దిద్దు. ముందుమాట కూడా నువ్వే రాయి" అన్నారు. ఆయన మాట కాదనే చనువు నాకు లేదు. తీసుకున్నాను. కట్ట అంతా తమిళంలో వుంది. చిన్నాయన ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడరు, తెలుగు అక్షరాలు మాత్రం రావు. మొదటి పుటలో ఆయన రాసుకున్నదాని సారాంశం ఇది: ఇంగ్లండులో ప్రభువుల వంశాలకు బర్క్ దొర పుస్తకం వున్నట్టే మన వంశానికీ ఒక పుస్తకం వుండడం న్యాయం.

ముందుమాట రాద్దామని కూర్చుంటే అది ఈ వ్యాసంగా తయారైంది.

నేను బి.కాం. చదివినవాణ్ణి. విమర్శశాస్త్రం చదువుకోలేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా అప్పుల విభాగంలో దస్తావేజులు చూశాను. మూలపత్రం, వారసుల సర్టిఫికెట్, ఆస్తి మీద బాకీలేమున్నాయో చూపే విల్లంగ సర్టిఫికెట్ - ఈ మూడూ ముందు పెట్టుకొని ఇన్నేళ్ళు కూర్చున్నవాడికి ఒక సంగతి తెలిసిపోతుంది. ప్రతి కాగితమూ ఎవరో ఎవరినో ఒప్పించడానికి రాసిందే. ఎవరు రాశారు, ఎవరికి చూపడానికి రాశారు, ఏం కావాలని రాశారు అన్నది తేలాకే లోపలి సంగతి చదవాలి. వంశావళినీ నేను అట్లాగే చదివాను. అట్లా చదవవచ్చునో లేదో సాహిత్యం తెలిసినవారు చెప్పాలి.

ముందు బర్క్ సంగతి. జాన్ బర్క్ 1826లో ఇంగ్లండు బిరుదాంకిత ప్రభువుల వంశాలను అకారాది క్రమంలో పెట్టి పుస్తకం వేశాడు. బిరుదులు లేని భూస్వాముల కోసం 1833 నుంచి 1838 లోపల మరి నాలుగు సంపుటాలు తెచ్చాడు. తర్వాత 'లాండెడ్ జెంట్రీ' అన్న పేరుతో స్థిరపడింది అదే. ఆయా కుటుంబాలు తమ గురించి తాము పంపుకున్న వివరాలు అందులో చాలా చేరాయి. ఇక చెప్పేదేముంది? దరఖాస్తుదారు తానే తన ఆస్తి విలువ కట్టుకున్నట్టయింది. 1066లో విలియం రాజు సైన్యంతో ఓడ దిగినవాడు మా మూలపురుషుడేనని చెప్పుకున్న ఇళ్ళు ఎన్నో. అంతమంది దిగాలంటే ఆ ఓడలు చాలవు. 1877లో ఫ్రీమన్ అనే చరిత్రకారుడు ఈ వంశవృక్షాలనూ వాటిని అల్లేవాళ్ళనూ ఒక వ్యాసంలో దుమ్ము దులిపాడు. ఆయన తర్వాత హొరేస్ రౌండ్ అనే ఆయన పాత శాసనాలూ కోర్టు రికార్డులూ తిరగేసి ఒక్కొక్క కథనూ పట్టుకొని కొట్టేశాడు. ఆయన 'పీరేజ్ అండ్ పెడిగ్రీ' 1910లో వచ్చింది. కొకేన్ అనే ఆయన 1887 నుంచి 1898 దాకా శ్రమపడి ఎనిమిది సంపుటాల్లో సంపూర్ణ ప్రభువంశ గ్రంథం తయారుచేశాడు. తర్వాతి కాలపు బర్క్ ముద్రణల్లో పాత కట్టుకథలు చాలా జారిపోయాయి. చిన్నాయన బర్క్ ను చూశారు గాని రౌండ్ ను చూడలేదు.

ఇంగ్లీషువారికి 1066 ఎలాగో తమిళనేల మీది తెలుగువాళ్ళకు 1529 అలాగే. విశ్వనాథ నాయకుడు మదుర గద్దె ఎక్కాడని చెప్పే కాలం అది. మనలో ఎవరి కథ విన్నా ఆయన సేనతోనో ఆయన తండ్రి నాగమ నాయకుడి సేనతోనో వచ్చినట్టే వుంటుంది. లేదంటే రెండో కథ: తురక రాజు మన పిల్లను అడిగాడు, రాత్రికి రాత్రి పిల్లను తీసుకొని బయలుదేరాం, ఏరు అడ్డొచ్చింది, ఒడ్డున చెట్టు వంగి దారి ఇచ్చింది. చిన్నాయన కట్టలో రెండూ వున్నాయి. సేనతో దర్జాగా వచ్చినవాళ్ళం, భయపడి పారిపోయి వచ్చినవాళ్ళం కూడా మేమే. రెండూ ఒకే పుటలో పక్కపక్కనే వున్నా ఆయనకు ఇబ్బంది తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ మొదటిసారి తోచలేదు.

పాళెగాళ్ళ వంశావళులకు ఒక అచ్చు వుంది. మూలపురుషుడు రాజు కొలువుకు పోతాడు. పులినో మల్లుణ్ణో చంపుతాడు. రాజు మెచ్చి బిరుదులూ పల్లకీ పాళెమూ ఇస్తాడు. తర్వాత పట్టాభిషేకాల వరస. వీటిలో చాలావాటిని రాసి ఇచ్చింది ఎవరికంటే కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులకు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీకి కుడిభుజాలు. ఆ కాలంలోనే కుంపిణీవారు ఏ పాళెం వుంచాలి, ఏది తీసేయాలి, ఎవరికెంత పేష్కషు కట్టాలి అని లెక్కలు వేస్తున్నారు. తిరునల్వేలి పాళెగాళ్ళకు శాశ్వత శిస్తు సన్నదులు 1803లో వచ్చాయి. కనుక వంశావళి ఆనాటి దరఖాస్తు. మా తాతల నుంచీ అనుభవిస్తున్నాం, మీరూ వుంచండి అన్నదే అందులో అసలు మాట. బాకీల సంగతి దరఖాస్తులో ఎవరు రాస్తారు?

అంతమాత్రాన అబద్ధాలని తీసి పారేయడం కుదరదు. వెల్చేరు నారాయణరావు, షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం గార్లు 2001లో 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' అనే పుస్తకంలో, దక్షిణదేశపు పాఠకుడికి ఏది చరిత్రగా చెప్పిందో ఏది కథగా చెప్పిందో రచన పోగును బట్టే తెలిసేదని వాదించారు. ఆ మాట పట్టుకొని నేను మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఈసారి బిరుదులు వదిలేసి పేర్లు చూశాను. బాకీ పద్దు అక్కడ దొరికింది.

ఎట్టయాపురం సంస్థానం మన తెలుగు కంబళత్తు నాయకులది. ఎట్టప్పన్ అంటే ఇవాళ తమిళంలో ద్రోహి అని తిట్టు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన్ కూ ఎట్టయాపురానికీ వున్న వైరం వల్ల, 1959 నాటి సినిమా వల్ల ఆ మాట అట్లా స్థిరపడింది. కాని వంశకథలో ఆ పేరు పుట్టుక వేరు. వాళ్ళ మూలపురుషుడు చంద్రగిరి నుంచి విజయనగరం పోయి, కోటవాకిట సోముడనే మల్లుణ్ణి చంపుతాడు. సోముడికి ఎనిమిదిమంది తమ్ముళ్ళు. అన్న పోయి దిక్కులేని ఆ ఎనిమిదిమందికీ చంపినవాడే తండ్రి అవుతాడు. తమిళంలో ఎట్టు అంటే ఎనిమిది, అప్పన్ అంటే తండ్రి. ఆ కథ జరిగిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. తన చేతిలో పోయినవాడి ఇంటి భారాన్ని పేరుగా తగిలించుకొని, తరాలపాటు ఆ పేరుతోనే సంతకం చేసిన వంశం అది. ఇంత బరువైన పేరు ద్రోహానికి మారుపేరు కావడం చిత్రమే.

ఆ సంస్థానపు చరిత్రను స్వామి దీక్షితులనే ఆయన 'వంశమణి దీపికై' అని 1879లో తమిళంలో రాశారు. ఆ వూళ్ళోనే 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి, 1919లో కడయం నుంచి రాజావారికి వుత్తరం రాస్తూ ఆ పుస్తకాన్ని మంచి వచనంలో తిరగరాసి ఇస్తానని అడిగాడు. తిరగరాసివుంటే ఎట్లా వుండేదో! మనకు సంబంధించిన విషయం మాత్రం భాష. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం చరిత్ర అప్పటికే తమిళంలో వుంది, చిన్నాయన కట్టలాగే.

రెండో పేరు రేచర్ల. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాల వెలమ దొరలకు అది గోత్రనామం. 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం నేలటూరి వెంకటరమణయ్యగారి సంపాదకత్వంలో అచ్చువేసిన 'వెలుగోటివారి వంశావళి' ఈ వంశానిదే. ఈ సంస్థానాల చరిత్రల్లో చెప్పే కథ ఇది. చెవిరెడ్డి అనే మూలపురుషుడికి దున్నుతుండగా నిధి తగులుతుంది. నిధికి నరబలి కావాలి. పాలేరు రేచడు, మాలవాడు, నేను బలి అవుతాను అంటాడు. అయితే ఒక షరతు: మీ వంశం నా పేరుతో పిలవబడాలి, మీ ఇంట పెళ్ళయ్యేముందు నావాళ్ళ పెళ్ళి జరిపించాలి. ఒప్పుకున్నారు. గోత్రం రేచర్ల అయింది.

ఈ కథ మీద నాకు అనుమానం లేకపోలేదు. రేచడు తానే ముందుకొచ్చాడని రాసింది బలి ఇచ్చినవారి తరఫువాళ్ళు. నా బల్ల ముందు కూర్చొని, మా పాలేరు ఇష్టపడే సంతకం పెట్టాడండీ అని ఎవరైనా అంటే నేను ఆ పాలేరును పిలిపించమంటాను. ఇక్కడ పిలిపించడానికి మనిషి లేడు. కథ నేరాన్ని త్యాగంగా మార్చి రాసిందనే నా అభిప్రాయం. కాని మార్చి రాసినవాడు కూడా పేరును చెరపలేకపోయాడు. బర్క్ పుటల్లో ఇంగ్లీషు ప్రభువులెవరైనా పాలేరు పేరును వంశనామంగా చెప్పుకున్నట్టు నేనెరగను. మన వంశావళి సాహిత్యం బర్క్ కంటే పెద్దదయ్యేది ఈ ఒక్క పద్దు దగ్గర.

ఇంకో పద్దులో మాత్రం బర్కే నయం. ఆయన కూతుళ్ళ పేర్లు రాశాడు, ఎవరిని పెళ్ళాడారో రాశాడు. మన పాళెగాళ్ళ వంశావళుల్లో కూతుళ్ళు దాదాపు కనిపించరు. చిన్నాయన కట్టలో పదకొండు తరాలు, అన్నీ మగవాళ్ళే. పిల్లను కాపాడడానికే దేశం వదిలి వచ్చామని మొదటి పుటలో వుంది. ఆ పిల్ల పేరు రెండో పుటలో లేదు, ఆఖరి పుటలోనూ లేదు.

ఆ పిల్లకు పేరు పెట్టినవాడు కి. రాజనారాయణన్. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తమిళంలో రాసి, 2021లో వెళ్ళిపోయిన మనవాడు. 'గోపల్ల గ్రామం' 1976లో వచ్చింది. ఆ పిల్ల అందులో చెన్నాదేవి. కథ చెప్పేది నూరేళ్ళు ఏనాడో దాటిన అవ్వ, మంగత్తాయారమ్మ. అదే వలస, అదే ఏరు, అదే వంగిన చెట్టు. అయితే వినేవాళ్ళు కుంపిణీ అధికారులు కారు, మనుమలూ మునిమనుమలూ. అడగాల్సిన పాళెం లేదు, చూపించాల్సిన సన్నదు లేదు. అందుకని అవ్వ భయాన్ని భయమనే చెబుతుంది. అడవికి నిప్పుపెట్టి చేను చేసుకున్న సంగతి కూడా ఆ నవల దాచదు. మన వలస మీద వచ్చిన వంశావళులన్నిటిలోకీ నేను నమ్మేది ఈ నవలనే. చరిత్రగా నమ్ముతానని అనడం లేదు. లెక్కగా నమ్ముతాను.

చిన్నాయన పనిలో మంచి లేదని అనుకోకండి. ఇంటిపేర్ల పట్టిక, ఏ ఇంటిపేరువాళ్ళు ఏ వూళ్ళో దిగారన్నది, పద్ధెనిమిది పుటలు ఆయన వూరూరూ తిరిగి రాసినవి. తమిళనాట మన పేరు ముందు తండ్రి పేరులోని తొలి అక్షరమే వుంటుంది. ఇంటిపేరు పాసుపుస్తకంలో లేదు, ఓటర్ల జాబితాలో లేదు. సంబంధం మాట్లాడేరోజున మాత్రం చాపమీదికి వస్తుంది. ఆ పట్టిక ఒక్కటే అచ్చువేసినా పుస్తకానికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

మా పీలమేడులోనే చిన్నాయనకు చూపించదగ్గ నమూనా ఒకటి వుంది. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులూ ఆస్తి పంచుకుంటూ ఐదు భాగాలు చేశారు. ఐదోది ధర్మానికి. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అట్లా పుట్టింది, కాలేజీలూ ఆసుపత్రీ దాని వెనక వచ్చాయి. పంపకాల కాగితాలు నేను వందలు చూశాను. అన్నదమ్ముల లెక్కలోకి నెత్తురు సంబంధం లేని ఒక భాగస్తుణ్ణి చేర్చిన కాగితం అరుదు. వూరంతటికీ తెలిసిన ఆ పంపకం గురించి చిన్నాయన ఒక వాక్యమైనా రాయలేదు. అది వేరే ఇంటివారిది కదా అన్నారు.

సరే, మా ఇంటిదే చెబుతాను. మా నాన్న కాగితాల్లో 1964 నాటి విడుదల పత్రం ఒకటి వుంది. మా తాత పోయాక ఆయన భాగంలో తనకు రావలసిన వాటాను మా మేనత్త తమ్ముళ్ళకు వదులుకుంది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. పత్తి చేను, బావి, మోట అన్నీ ఆమే చూసుకుంది. తమిళనాడులో కూతుళ్ళకు వుమ్మడి ఆస్తిలో జన్మహక్కు 1989లో గాని రాలేదు, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా 1956 చట్టం కింద ఆమెకు కొంత వుండింది. ఆ కొంచెమూ వదిలేసింది. ఏడు పుటల తమిళ దస్తావేజులో ప్రతి పుట కిందా ఆమె సంతకం. ఆ కాగితం మొత్తంలో తెలుగు అక్షరాలు అవే. పెద్దబాలశిక్ష ముందుపెట్టి నాకు దిద్దించిన అక్షరాలు కూడా అవే. ఈ వ్యాసం తమిళంలో కాక తెలుగులో రాస్తున్నానంటే ఆ చేతి చలవ. ఆమె పేరు ఇక్కడ రాయను. ముందు చిన్నాయన పుస్తకంలో పడాలి.

కట్ట తిరిగి ఇవ్వడానికి పోయినవారం వెళ్ళాను. ముందుమాట లేదు, పెన్సిలుతో గుర్తులు మాత్రం చాలా వున్నాయి. పదకొండు తరాల్లో తెలిసినమేరకు ఆడపిల్లల పేర్లకు ఖాళీ గడులు గీశాను. మా తాత తరం దగ్గర ఒక గడి నింపాను కూడా. చిన్నాయన కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశారు.

"ఆడోళ్ళందర్నీ రాస్తే చెట్టు పుటలో పట్టదురా" అన్నారు.

"మడతపెట్టే పెద్ద కాగితం వేయిద్దాం చిన్నాయనా."

"ప్రెస్సువాడు రేటు పెంచుతాడు."

ఎంతవుతుందో అడిగి రమ్మన్నారు. రేపు శనివారం వెళుతున్నాను.