ముందు చోటు, తరవాత పెట్టె

శిష్యుడి చేతిలో ఓడిపోవడం కోరదగ్గదేనని పెద్దలు ఊరికే అనలేదు. ఒకప్పుడు నా దగ్గర రేడియో పాఠాలు విన్న ఈ చిరంజీవి, వైర్‌లెస్ సెన్సర్ల కోసం ఇంట్లో పెట్టుకునే చిన్న లోరావాన్ గేట్‌వే మీద పుస్తకం రాసి, ముందుమాట రాయమన్నాడు. నాకు తెలిసిన సంగతులే అయినా, ఇంత విడమరచి నేను ఏనాడూ చెప్పలేదు.

నీళ్ల ట్యాంకులోనో, మందుల గదిలోనో ఉన్న సెన్సర్ చిన్న బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేస్తూ, అప్పుడప్పుడు నాలుగు అంకెలు పంపుతుంది. గేట్‌వే వాటిని అందుకుని ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కు చేరవేస్తుంది. పోస్ట్‌మన్ లాంటిది, కవరు విప్పదు. సమాచారాన్ని మూసి ఉంచే 128 బిట్ల ఏఈఎస్ తాళాలు సెన్సర్ దగ్గరా సర్వర్ దగ్గరా ఉంటాయి. పక్కింటివారి గేట్‌వే మన కబురును అందుకున్నా భయం లేదని రచయిత మొదటి అధ్యాయంలోనే ధైర్యం చెప్పాడు.

ఇలాంటి పుస్తకాలు చాలావరకు ధరల పట్టికతో మొదలవుతాయి. ఇతను ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టాడు. మన దేశంలో లోరావాన్‌కు 865–867 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది. దానికి లైసెన్సు అక్కర్లేదు. అమెరికా పెట్టెలు 902–928లో పలుకుతాయి. అందులో కొంత భాగం ఇక్కడ మొబైల్ ఫోన్లది. అల్లుడు అక్కణ్ణుంచి తెచ్చాడు కదా అని బిగించకూడదు. చవకగా దొరికే ఒంటి ఛానెల్ పెట్టెల జోలికి పోవద్దనీ, ఎనిమిది ఛానెళ్లు ఒకేసారి వినేదే గేట్‌వే అనీ తేల్చి చెప్పాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం చోటును గురించిన అధ్యాయం. దూరం పెరిగినా, అడ్డం వచ్చినా సెన్సర్ తన మాటను సాగదీసి పలకాలి. ఈ సాగదీతకు కొలత స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, అంటే ఎస్ఎఫ్. ఎస్ఎఫ్7 నుంచి ఎస్ఎఫ్12 దాకా మెట్టుమెట్టుకీ ఆ మాట గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. బ్యాటరీ అంత తొందరగా అయిపోతుంది. అంటే గేట్‌వేను ఇనుప బీరువా వెనక పెడితే నష్టం గేట్‌వేకి కాదు, ఎక్కడో ఉన్న సెన్సర్‌కి. పై అంతస్తులో కిటికీ దగ్గర పెట్టి, సంకేత బలం చెప్పే ఆర్‌ఎస్ఎస్ఐతో పాటు దాన్ని రణగొణధ్వనితో పోల్చే ఎస్ఎన్ఆర్ కూడా చూడమన్నాడు. ఎస్ఎఫ్12లో రణగొణధ్వని కన్నా సుమారు 20 డెసిబెళ్లు తక్కువ ఉన్న సంకేతాన్నీ లోరావాన్ వాడే లోరా రేడియో పద్ధతి పట్టుకోగలదు మరి.

అమరిక వరస కూడా చక్కగా ఉంది: ముందు యాంటెన్నా, ఆ తరవాతే కరెంటు, పెట్టె మీది పదహారు అక్షరాల గుర్తింపు సంఖ్య (ఈయూఐ) నమోదు, భారత ఫ్రీక్వెన్సీ పథకం ఎంపిక. చిన్న పెట్టెల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప కనబడదన్న హెచ్చరిక ఎందరికో ఒక పూట మిగులుస్తుంది. గేట్‌వే పలుకుతున్నంతసేపూ వినలేదు గనుక ప్రతి కబురుకీ రశీదు అడగొద్దన్నాడు. కరెంటు పోయే ఊళ్లలో రూటర్‌నూ గేట్‌వేనూ ఒకే యూపీఎస్ మీద పెట్టమన్నాడు.

ఒక్క లోటు చెప్పకపోతే పెద్దరికం ఎందుకు? అందరికీ తెరిచిన నెట్‌వర్క్‌లో చేరాలా, చర్ప్‌స్టాక్ సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ పెట్టుకోవాలా అన్నది రెండు పేజీల్లో తేల్చేశాడు. మలి ముద్రణలో అది ఒక అధ్యాయం కావాలి.

పెట్టె కొన్నాక కాదు, కొనకముందే ఈ పుస్తకం చదవండి. చిరంజీవికి నా ఆశీస్సులు.