మూగజీవుల బాధకు కొలమానము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణముల కళాశాలలలో జంతుశాస్త్రము చదివిన పాతతరము వారికి మైనపు పలక, గుండుసూదులు, క్లోరోఫాం సీసా బాగా గుర్తుండును. ఆ పలకపై పరచి కోసిన కప్పలకు లెక్క లేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఈ కోతలను క్రమముగా తగ్గించుమని 2011లో సూచించి, 2014లో పూర్తిగా మానిపించినది. కప్ప బతికి బయటపడినది. అంతటితో సమస్య తీరలేదు. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. ఈ ప్రాంతమున ఫార్మసీ, జీవశాస్త్రములు చదివి పరిశోధనకు పోదలచిన వారికి హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, జీనోమ్ వ్యాలీలోని ఔషధ పరిశోధనాలయములు ఉన్నవి. వైద్య పరిశోధనకు ఎలుక, చిట్టెలుక, కుందేలు ఇంకను అవసరమగుచునే ఉన్నవి.

అట్టి విద్యార్థికి ముందుగా ఇవ్వదగిన గ్రంథమొకటి కలదు. రస్సెల్, బర్చ్ అను ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిన ‘ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ హ్యూమేన్ ఎక్స్‌పెరిమెంటల్ టెక్నిక్’ అనునది అది. ఆరు దశాబ్దములు దాటిన పుస్తకమును ఇప్పుడు విమర్శించుట ఎందుకని అడుగవచ్చును. జంతుప్రయోగముల విషయమున నేడు పెక్కు దేశములు పాటించు నియమములకు మూలము అదే. ఆ నియమములలోని లోటుకు మూలము కూడ అందే కనిపించును.

గ్రంథకర్తల సూత్రములు మూడు. జంతువు లేకుండ పని జరుగునేమో మొదట చూడవలెను, ఇది ప్రత్యామ్నాయము. జంతువు తప్పనిచో వీలైనంత తక్కువ సంఖ్యతో సరిపెట్టుకొనవలెను, ఇది తగ్గింపు. ఉపయోగించిన జంతువుకు వీలైనంత తక్కువ బాధ కలుగునట్లు పద్ధతిని దిద్దుకొనవలెను, ఇది మెరుగుదల.

ఈ గ్రంథపు గొప్పతనము నీతిబోధలో లేదు. కరుణ, శాస్త్రము ఒకదానికొకటి శత్రువులు కావని నిరూపించుటలో ఉన్నది. భయపడిన జంతువు రక్తములో అడ్రినలిన్ పెరుగును. గుండె వేగము, రక్తపు పోటు, చక్కెర మారిపోవును. అట్టి జంతువుపై మందును పరీక్షించినవాడు మందు గుణమును కొలిచినాడా, భయమును కొలిచినాడా? జంతువును హింసించినవాడు తన ఫలితమును తానే చెరుపుకొనుచున్నాడని చెప్పుట ఆనాటికి సాహసమే.

జంతుపరిశోధన వలన కలిగిన మేలును కాదనుట కూడ న్యాయము కాదు. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని వెల్లడించినది పిల్లి కండరములను పరిశీలించియే. ఋణమున్నది కనుకనే లెక్క సరిగా ఉండవలెను.

లోటు ఇక్కడనే ఉన్నది. బాధను తగ్గించుమన్నవారు బాధను ఇంతయని చెప్పు సాధనమును ఇవ్వలేకపోయినారు. జంతువుల సంఖ్యను ఎవరైనను లెక్కింపగలరు. బాధను లెక్కించుట ఎట్లు? ఉదాహరణకు, పది చిట్టెలుకలకు ఒక్కొక్కసారి శస్త్రచికిత్స చేయవచ్చును. లేదా అయిదింటికి రెండేసి సార్లు చేయవచ్చును. రెండవ దానిలో సంఖ్య సగమైనది. కాని మానని గాయముపై మరల కత్తి పడిన జంతువు పాలిటికి అది తగ్గింపా? తగ్గింపు, మెరుగుదల ఒకదానితో ఒకటి తగవుపడినచోట తీర్పు చెప్పుటకు తూనిక కావలెను.

తూనిక మారినచో ఏమగునో ఒక చరిత్ర చెప్పుచున్నది. 1927లో ట్రెవన్ అను శాస్త్రజ్ఞుడు మందుల తీవ్రతకు ఒక పరీక్షను ప్రతిపాదించినాడు. జంతువులలో సగము చనిపోవు మోతాదు ఎంతయో చూచుట దాని సారము. అందు కొలత మరణము. చనిపోవుటకు ముందు గడచిన గంటలకు పట్టికలో గడి లేదు. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ ఈ పరీక్షను తన మార్గదర్శకముల నుండి 2002లో తొలగించినది. దాని స్థానమున వచ్చిన పద్ధతులలో ఒకటి మరణమునకు బదులు విషలక్షణములను చూచును. జంతువులును తక్కువ సరిపోవును. కొలతను మార్చగనే సంఖ్యయు, బాధయు రెండును తగ్గినవి.

ఇప్పుడు బాధకే కొలమానములు వచ్చినవి. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయపు మోగిల్ బృందము 2010లో చిట్టెలుక ముఖకవళికలను బట్టి నొప్పిని అంచనా వేయు పద్ధతిని ప్రకటించినది. కన్ను ముడుచుకొనుట, ముక్కు ఉబ్బుట, బుగ్గ ఉబ్బుట, చెవుల స్థితి, మీసముల మార్పు అను అయిదు గుర్తులలో ఒక్కొక్కదానికి 0, 1, 2 అని అంకెలు వేయుదురు. శస్త్రచికిత్స తరువాత ఇచ్చిన నొప్పి మందు చాలినదో లేదో దీనివలన తెలియును.

ఈ కొలమానమును గ్రుడ్డిగా నమ్మరాదు. నిద్రించు జంతువు కూడ కన్ను మూయును. ఆ బృందమే 2014లో మరొక వింత చూపినది: పురుష పరిశోధకుడు దగ్గరనున్నచో చిట్టెలుకల ముఖమున నొప్పి గుర్తులు తగ్గినవి. అది ఉపశమనము కాదు. మగవాని వాసన కలిగించిన ఒత్తిడి నొప్పిని అణచినది. బాధ కనబడకపోవుట బాధ లేకపోవుట కాదని దీనినిబట్టి గ్రహింపవలెను.

మన చట్టమునందును ఇదే లోటు. గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1960లో, జంతుహింస నివారణ చట్టము వచ్చినది. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలినచోట ప్రయోగము వద్దని, చేతి నైపుణ్యము కొరకు మాత్రమే ప్రయోగము చేయరాదని అది చెప్పినది, ఇది మెచ్చదగినది. కాని పెద్ద జంతువులకు బదులు కుందేలు, కప్ప, ఎలుక వంటి చిన్నవి చాలునేమో చూడుమన్నది. చిన్న ఒంటికి చిన్న నొప్పియని ఎవరు కొలిచినారు? ఇక 2023 మార్చిలో సవరించిన ఔషధ నియమములు జీవకణములపై, సూక్ష్మ అవయవ నమూనాలపై జరుపు పరీక్షలకు చోటిచ్చినవి. ప్రత్యామ్నాయమునకు దారి తెరచుకొన్నది. మెరుగుదల మాత్రము వెనుకబడియున్నది.

ఐరోపా సమాఖ్య 2010 ఆదేశము ప్రకారము ప్రయోగము ముగిసిన పిదప జంతువు నిజముగా అనుభవించిన బాధ స్వల్పమా, మధ్యమమా, తీవ్రమా అని నమోదు చేయవలెను. ఇట్టి నమోదు చిన్న పట్టణపు కళాశాలకు భారము కాదు. ఒక నోటుపుస్తకము, నిలకడగా చూచు కన్ను చాలును. చిట్టెలుకను తోకపట్టి ఎత్తుటకంటె గొట్టములోనికి రానిచ్చి ఎత్తినచో దాని బెదురు తగ్గునని 2010లోనే తేలినది; ఆ గొట్టమునకు ఎంత ఖర్చు? మన నియమముల ప్రకారము ప్రయోగములకు అనుమతినిచ్చు నైతిక సంఘములో శాస్త్రేతరుడైన సభ్యుడొకడు తప్పక ఉండవలెను. ‘ఎన్ని జంతువులు?’ అను ప్రశ్నకు జవాబు దరఖాస్తులోనే దొరకును. ‘వాటి బాధను ఎవరు, ఎన్ని గంటలకొకసారి, దేనితో కొలుతురు? ఎంత దాటినచో ప్రయోగము ఆపుదురు?’ అని ఆ సభ్యుడు అడిగిననాడు రస్సెల్, బర్చ్‌ల గ్రంథమునకు మిగిలిపోయిన అధ్యాయము పూర్తియగును.