తిరగేసి చూడని బట్ట

విదేశీ యాత్రాకథనాల్లో నాకు బాగా తెలిసిన పేజీ ఒకటుంది. ఆయన మ్యూజియం చూస్తుంటాడు, ఆవిడ బజారు చూస్తుంటుంది. ఆయన సంచులు మోస్తాడు, ఫ్రిజ్ మాగ్నెట్లు లెక్కపెడతాడు, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు బరువు తూచేటప్పుడు నిట్టూరుస్తాడు. రాసేది ఆయన కనక ఆవిడ ఏం కొన్నదో, ఎందుకు కొన్నదో మనకు తెలియదు. ఎంత ఖర్చయిందో మాత్రం తెలుస్తుంది. అలాంటి పేజీలు చదివి నేనూ నవ్వినదాన్నే. బాలి వెళ్ళొచ్చాక మళ్ళీ చదివితే నవ్వు రాలేదు.

బజారు గురించి రాయడం చిన్న విషయమేమీ కాదు మన సాహిత్యంలో. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్ళి వస్తూ, దిగిన ప్రతి మజిలీలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో, అంగళ్ళు ఉన్నాయో లేవో ఓపిగ్గా రాసిపెట్టుకున్నాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'ను మనం ఇవాళ సామాజిక చరిత్రకు ఆధారంగా చదువుతాం, చదవాలి కూడా. నా పేచీ అది కాదు. అంగడిలో ఏం దొరుకుతుందో మగవాడు రాస్తే చరిత్ర అయింది. అదే ఆడమనిషి అడిగి తెలుసుకుంటే షాపింగ్ పిచ్చి అయింది. ఆయన వెంట ఇంటి స్త్రీలూ ఉన్నారు. వాళ్ళ కళ్ళతో ఆ అంగళ్ళు ఎలా ఉండేవో రాసినవాళ్ళు లేరు.

అసలు ఆడవాళ్ళు ఎందుకు కొంటారు? నా జాబితానే చెప్తాను. నేను లేని ఎనిమిది రోజులూ మామగారికి అన్నం పంపిన పక్కింటి అక్కకు ఒకటి. బడిలో నా క్లాసులు తీసుకున్న ఇద్దరు టీచర్లకు రెండు. ఇంట్లో పనిచేసే ఆమెకు, ఆడపడుచుకు, తోడికోడలికి, ఆలేరులో ఉన్న మా అమ్మకు. మా ఆయనకు ఇలాంటి జాబితా లేదు. ఆయన ఇల్లు వదిలితే ఎవరికీ బాకీ పడడు. నేను వదిలితే ఏడుగురికి పడతాను. ఆ కొనుగోళ్ళు నేను ఇల్లు దాటినందుకు కట్టిన సుంకం. యాత్రాకథకుడు సంచి బరువు చూశాడు గానీ ఈ లెక్క చూడలేదు.

అలాగని కొనేవాళ్ళను పూర్తిగా వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. ఎందుకంటే అక్కడ నేను చేసిన పని ఒకటుంది.

ఉబుద్ దగ్గర ఒక సంతలో బస్సు ఆపి ముప్పావుగంట టైమిచ్చారు. అమ్మేవాళ్ళు చాలావరకు ఆడవాళ్ళే. ఒక దుకాణంలో వేలాడుతున్న బట్టలు చూసి ఆగిపోయాను. అంచులు కొద్దిగా చెదిరిన ఆ డిజైను మా పోచంపల్లి బట్ట మీద ఉండేదే. ఇవాళ మనం గొప్పగా పలికే ఇక్కత్ అనే మాట ఆ మలయ్-ఇండోనేషియా ప్రాంతానిదే, కట్టడం అని దాని అర్థం. మా వైపు దాన్ని చిటికి అన్నాం. నూలును ముందే కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తాం. బాలిలో పేకకు మాత్రమే కట్టి నేసేదాన్ని ఎండెక్ అంటారు. టెంగనన్ అనే ఊళ్ళో పడుగూ పేకా రెండింటికీ కట్టి నేసే గెరింగ్‌సింగ్ బట్ట ఉంది. ఒక్కొక్కటి పూర్తికావడానికి ఏళ్ళు పడుతుంది. అక్కడ మగ్గం మీద కూర్చునేది ఆడవాళ్ళే. మా టూర్‌లో ఆ ఊరు లేదు.

దుకాణంలో ఆమె మూడు లక్షల రూపయా చెప్పింది. నేను లక్ష అన్నాను. బేరం ఎట్లా చెయ్యాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా వాకిట్లో కూర్చుని మా నాన్న నేసిన చీరకు వెల కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. ఆసక్తి లేనట్టు మొహం పెట్టడం, రెండడుగులు వెనక్కి వెయ్యడం, పక్క దుకాణం వైపు చూడడం. లక్షా ఇరవై వేలకు ఇచ్చింది, మన డబ్బులో ఆరేడు వందలు. ఆ రోజుకు అదే మొదటి బేరమేమో, నోటుతో మిగతా బట్టలన్నిటినీ తాకింది. బోణీ! అది చూసి నాకు ముచ్చటేసింది. సిగ్గు మాత్రం ఊరొచ్చాకే వేసింది.

మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆసు పోసింది. అర్ధచంద్రాకారంలో మేకులు దిగగొట్టిన చట్రం మీద, ఈ కొస మేకు నుంచి ఆ మేకుల మీదికి, మళ్ళీ ఇటు, పోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడుతుంది. ఆ తర్వాత సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికి కట్టడం. కండెలు చుట్టడం కూడా ఆడవాళ్ళదే. సొసైటీ కార్డు మాత్రం నాన్న పేరు మీద ఉండేది. నేసినవాడు నేతగాడు. ఆసు పోసినామెకు ఏం పేరు?

మా ఆలేరు మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. దాన్ని నేను ప్రేమతోనే చూశాను. ఆసు పోయడం తెర మీద పనిగా కనబడటం నేను అదే మొదటిసారి చూడటం. ఝాన్సీ ఆ తల్లి పాత్రలో చెయ్యి తిప్పుతుంటే మా అమ్మ పక్కన కూర్చుని తన భుజం పట్టుకుంది. అయినా ఆ కథ కొడుకు పట్టుదల గురించి, తల్లి నొప్పి దానికి కారణం మాత్రమే. ఆసులో నొప్పితో పాటు నైపుణ్యం కూడా ఉంది. ఒక్క పోగు లెక్క తప్పితే డిజైను చెదిరిపోతుంది. ఆ లెక్క ఆమె తలలో ఉండేది. దాని మీద ఎవరూ సినిమా తియ్యలేదు.

పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపునిచ్చింది. అక్కడికి వచ్చే టూరిస్టు మగ్గాన్ని ఫొటో తీసుకుంటాడు. మగ్గం ముందు జరిగే పని ఇంటి లోపల జరుగుతుంది, ఫొటోకు అందదు. బాలిలో నేనూ అలాంటి టూరిస్టునే.

ఆలేరు వెళ్ళి బట్ట అమ్మ చేతిలో పెట్టాను. ఆమె డిజైను చూడలేదు. చూపుడువేలూ బొటనవేలూ మధ్య ఒకసారి నలిపి, తిరగేసింది.

"ఇది అచ్చుబట్ట బిడ్డా. ఎనకదిక్కు సూడు, రంగే లేదు."

నిజమే. పోగుకే రంగెక్కితే రెండు వైపులా ఒకేలా ఉండాలి. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. ఆ దుకాణంలో తిరగేసి చూడాలని నాకు తట్టలేదు, ధర చూసే తొందరలో ఉన్నాను. ఆమె నన్ను మోసం చెయ్యలేదు. చేత్తో నేసిందని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఎంతకిచ్చింది?"

చెప్పాను. మొదట ఎంత చెప్పిందో కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే.

"మరి ఆమెకేం మిగిలిందే?" అంది అమ్మ. తర్వాత బట్టను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "ఆడ గూడ ఆసు ఆడోళ్ళే పోస్తరా?"

అది కూడా నేను అడగలేదు.