మాటతో ఆడించిన పీకే

పీకే బెనర్జీ అనగానే చాలామందికి 1962 జకార్తా గుర్తొస్తుంది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాపై మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ ఆయనది, రెండోది జర్నైల్ సింగ్‌ది. ఆ జట్టును తీర్చిదిద్దింది మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్.

నాకు మాత్రం ఆటగాడు పీకే కంటే కోచ్ పీకే మీదే మక్కువ. ఈస్టర్న్ రైల్వే జట్టును వదలకుండా ఆడిన ఈ రైట్ వింగర్, బూట్లు విప్పాక కోల్‌కతాలో రెండు బద్ధశత్రువుల డ్రెస్సింగ్ రూముల్నీ తనవి చేసుకున్నాడు. 1975లో ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. రెండేళ్లకే ఆయన బగాన్ కోచ్‌గా, పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌ను 2-2తో నిలువరించాడు. అభిమానులు ఇళ్లలోనే చీలిపోయే ఊర్లో రెండు వైపులా నమ్మకం సంపాదించడం మామూలు విషయమా!

ఆయన ఆయుధం మాట. మైదానంలోకి దిగే ముందు ఒక్కో కుర్రాడికీ ఏది చెబితే రక్తం వేడెక్కుతుందో ఆయనకు తెలుసు. పత్రికలు దాన్ని ‘వోకల్ టానిక్’ అన్నాయి. దాని బలం 1997లో కనిపించింది. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు ముందు అవతలి జట్టు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా డైమండ్ వ్యూహం గురించే ఊరంతా చర్చ. సాల్ట్‌లేక్ స్టేడియంలో లక్షకు పైగా జనం. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. పీకే శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.