నీళ్లూ నిప్పూ నేలవేమూ

జ్వరం కషాయం మాటెత్తితే మనవాళ్లు వెంటనే ఆకుల పేర్లు చెబుతారు. నేలవేము, తిప్పతీగ, తులసి, పర్పాటకం, మిరియాలు, శొంఠి. మరి ఎన్ని నీళ్లు పోయాలి, ఎంతకు దించాలి అంటే మాత్రం "చెంబెడు పోసి మరిగించెయ్యడమే" అంటారు. వైద్యులు శతాబ్దాల పాటు తలలు పట్టుకున్నది ఆ చెంబెడు దగ్గరే.

శార్ఙ్గధర సంహితలో దీనికి లెక్కలున్నాయి. కషాయమైతే ఒక వంతు దినుసుకు పదహారు వంతుల నీళ్లు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా సన్నని సెగ మీద కాచాలి. ఫాంటమైతే నాలుగు వంతుల వేడినీళ్లు పోసి, కాసేపుంచి వడకట్టాలి. హిమమైతే పొయ్యి జోలికే పోనక్కర్లేదు. దంచిన దినుసును ఆరు వంతుల చన్నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున్నే పిండుకుని తాగాలి. బెరడు, వేరు, గట్టి కాడ అయితే బాగా కాగాలి. వాసనతో పనిచేసే పూలూ ఆకులూ కాగితే వాటి సారం ఆవిరితో పోతుంది. ఒకే మొక్కను ఎలా చేస్తే ఏం దిగుతుందో కనిపెట్టిన నేర్పు ఇది. ఇప్పుడు సంచుల్లో వచ్చే కషాయం పొడుల మీద ఈ కొలతలు కనిపించడం తక్కువ.

జ్వరపు దాహానికి చరకుడు చెప్పిన షడంగ పానీయం వేరే రకం. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి. ఈ ఆరింటినీ కలిపి ఒక వంతు తీసుకుని, అరవై నాలుగు వంతుల నీటిలో సగానికి కాచి, చల్లార్చి, దాహమేసినప్పుడల్లా ఇస్తారు. చేదు తక్కువ, నీరు ఎక్కువ. టైఫాయిడ్ క్రిమి కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుందని ఆనాటి వైద్యులకు తెలియదు. అయినా రోగి మంచం పక్కన కాచిన నీళ్లే ఉండే ఏర్పాటు మాత్రం చేసిపెట్టారు. నా లెక్కలో ఆ ఆరు దినుసుల కన్నా ఈ ఏర్పాటే గొప్పది.

చలిజ్వరాన్ని గమనించిన తీరూ తక్కువది కాదు. రోజు విడిచి రోజు వచ్చేది తృతీయకమనీ, రెండు రోజులు విడిచి వచ్చేది చతుర్థకమనీ విడదీశారు. మలేరియా పరాన్నజీవుల్లో కొన్ని రక్తకణాలను పగలగొట్టడానికి 48 గంటలు, మరొకటి 72 గంటలు తీసుకుంటాయి. అయితే చలిజ్వరానికి దోమతో ఉన్న లంకె వారికి అందలేదు. అది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న, దోమ కడుపు కోసి చూసిన రోనాల్డ్ రాస్‌కు దొరికింది. అప్పటికే క్వినైన్‌తో పాటు మన గచ్చకాయ కూడా డాక్టర్ల పుస్తకాల్లోకి ఎక్కింది. గింజలోని పప్పును మిరియాలతో కలిపి నూరే పద్ధతికి 1868 నాటి ఫార్మకోపియా ఆఫ్ ఇండియా చోటిచ్చింది. క్వినైన్ అందని చోట అది ఆదుకుంటుందనుకున్నారు గానీ, క్వినైన్‌కు సాటి మాత్రం కాలేకపోయింది.

కాచాలా, నానబెట్టాలా అన్న ప్రశ్న లక్షల ప్రాణాలు నిలబెట్టిన ఉదంతం చైనాది. 1967లో అక్కడ మలేరియా మందు కోసం రహస్య పరిశోధన మొదలైంది. థూ యూయూ బృందం పాత వైద్య గ్రంథాలు గాలించి చింగ్‌హావో మొక్కను పట్టుకుంది. కానీ ఆ సారం ఒకసారి పనిచేస్తే, మరోసారి చేసేది కాదు. చివరికి నాలుగో శతాబ్దపు గె హోంగ్ రాసిన చిట్కాల పుస్తకాన్ని ఆమె మళ్లీ చదివారు. ఆయన గుప్పెడు ఆకును నీళ్లలో నానేసి, పిండి, ఆ రసం తాగమన్నాడు. కాచమనలేదు. మన లెక్కలో చెప్పాలంటే హిమానికి దగ్గరిది. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆమె 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా అణచింది. ఆ సారంలోని ఆర్టిమిసినిన్ ఆమెకు 2015లో నోబెల్ తెచ్చిపెట్టింది.

దీన్ని విని పెరట్లోని మాచిపత్రిని నానబెట్టుకునేవారున్నారు. అది చుట్టం మొక్కే గానీ ఆ మొక్క కాదు. అసలు మొక్కతో చేసిన తేనీటిని కూడా మలేరియాకు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆకులో మందు ఎంతుంటుందో తెలియదు, చాలీచాలని మోతాదుకు పరాన్నజీవి రాటుదేలుతుంది. నేలవేము చేదు నాలుకకు రుచి తెప్పించొచ్చు, ఒంటి నొప్పులు కాస్త తగ్గించొచ్చు. ఫాల్సిపేరం మలేరియా మెదడుకెక్కితే మాత్రం గంటల మీద ప్రాణం తీస్తుంది. వేలి కొసన రక్తం తీసి చేసే పరీక్ష కొద్ది నిమిషాల్లోనే తేల్చేస్తుంది. టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ తప్పదు. ఊళ్లలో "మలేరియా, టైఫాయిడ్ రెండూ కలిసొచ్చాయి" అని ఒకే చీటీ మీద రాసిచ్చే అలవాటు ఇంకోటి. నిజానికి ఆ రెండూ ఒకేసారి రావడం అరుదు.

కషాయం వెనకబడిన చోట పథ్యం నిలబడుతుంది. లంకణం మన దగ్గర పెద్ద మాట. కానీ ప్రాణబలం దెబ్బతినకుండా మాత్రమే లంకణం పెట్టమని చరకుడి షరతు. వారాల తరబడి మాడ్చడం తర్వాతి వాళ్ల అతి. టైఫాయిడ్‌లో చిన్నపేగు పుండ్లు పడుతుంది, వైద్యం అందకపోతే మూడో వారం ప్రాంతంలో చిల్లిపడే ప్రమాదమూ ఉంది. అప్పుడు ఆముదమో సునాముఖో తాగించి విరేచనాలు చేయించడం కొరివితో తల గోక్కోవడమే. పథ్యం మెట్లు వేరు. ముందు మెతుకు లేని గంజి తేట, తర్వాత పలచని జావ, ఆపైన పెసరకట్టు, ఆ తర్వాత మెత్తగా ఉడికిన పాత బియ్యపు అన్నంలో చారు. బీరకాయ, పొట్లకాయ కూరలు వచ్చేసరికి మనిషి లేచి కూర్చుంటాడు. ఆవకాయ అడిగితే ఇంకో పది రోజులు ఆగమనండి.