ఎకరానికింత, డొంకకి

పామర్రు సెంటర్‌లో రోడ్లకు కొదవలేదు. హైదరాబాదు నుంచి బందరు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి అటే పోతుంది. గుడివాడ, భీమవరం మీదుగా సాగే 165వది అక్కడే మొదలవుతుంది. అయినా చేలో ధాన్యం ఆ తారు ఎక్కాలంటే ముందు డొంక, అంటే చేల మధ్య మట్టిబాట, దాటి రావాలి.

డొంక పోరంబోకు. ఎవరి పట్టాలోనూ ఉండదు, నడవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మినుము తీశాక ఎండాకాలంలో చేలన్నీ దారులే కాబట్టి దాని ఊసు ఎవరికీ పట్టదు. కాలువలు వదిలి దమ్ము మొదలయ్యాక అదొక్కటే మిగులుతుంది. నార్వేలో ఇది తలకిందులు. 1957 నాటి చట్టం ప్రకారం అక్కడ చలికాలంలో నేల గడ్డకట్టినా, మంచు కప్పినా సాగు భూముల మీదుగా ఎవరైనా నడవచ్చు, స్కీలపై జారుతూ పోవచ్చు. ఆ మంచుదారుల్ని చాలాచోట్ల ఊరి క్లబ్బులవాళ్లే యంత్రాలతో చదును చేసి, చందాలతో డీజిలు పోయించి, టికెట్టు లేకుండా వదిలేస్తారు. మనకు అదే ఏడు పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నీళ్లొచ్చే నెలల్లో చేలు మూసుకుపోతాయి.

నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బి జిగురవుతుంది. అందుకే మరమ్మతు కాలువలు కట్టేసి ఉన్న మే నెలలోనే జరగాలి. ముందు పక్క బోదె పూడిక తీయాలి. ఆ మట్టినే డొంక మీద పోసే తెలివిగలవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తొలకరికే అది బురదగుంట! పూడిక గట్టుకు పోవాలి. డొంకకు ఇటుక ముక్కలో, గ్రావెలో రావాలి. గాళ్లు పడినచోట పైపైన కప్పితే లాభం లేదు. మెత్తటి బురద లాగేసి, గట్టి నేల తగిలాక ముక్క వేసి తొక్కించాలి. నడుమ కాస్త ఎత్తు ఉంచితే నీరు రెండు పక్కలకూ జారుతుంది. బోదె దాటేచోట తూము చాలకపోతే ఎగువ చేల నీళ్లు డొంక మీదుగానే పోతాయి. దమ్ము ట్రాక్టర్లు ఇనుప చక్రాలు విప్పకుండా తిరిగితే ఈ కష్టమంతా వారంలో హుళక్కి.

ఖర్చు ఎకరానికింత అని వేసుకుంటారు. డొంక మొదట్లో ఉన్నవాడికి చివరిదాకా బాగుచేయాలన్న తొందరుండదు; చిట్టచివరి చేనువాడికి అదే ప్రాణం. పైగా సాగు కౌలురైతుది, పట్టా హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లది. నన్నడిగితే గ్రావెల్ డబ్బు పట్టాదారే ఇవ్వాలి, దారున్న ఎకరం ధర పెరిగేది ఆయనకే కదా. కౌలురైతు ఒక పూట ట్రాక్టరు తోలితే చాలు. ఉపాధి హామీలో పొలం దారుల పనులూ ఉన్నాయి గాని, ఏటా పడే గాళ్లకు అర్జీ పెట్టుకుని కూర్చోలేం.

అసలు గ్రావెల్ కంటే ముందు సర్వేయరు రావాలి. డొంకను ఎవరూ ఒక్కరోజులో మింగరు, ఏటా ఒక చాలు జరుపుతారు. రెండు బండ్లు తప్పుకున్న చోట ఇవాళ కోత మిషను పట్టదు. అది రాకపోతే కోతకు కూలీలు, మోతకు మళ్లీ కూలీలు. తుపాను హెచ్చరిక మోగే నవంబరులో వాళ్లను ఎక్కణ్ణించి తేవాలి?