వధువు అద్దంలో కనిపించని తల్లి

ఉర్దూలో తొలి నవలగా పలువురు విమర్శకులు పరిగణించే ‘మిర్ఆతుల్ ఉరూస్’ 1869లో వెలువడింది. వధువు అద్దం అని ఆ పేరుకు అర్థం. డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కుమార్తె చదువుకోసం కొద్దికొద్దిగా వ్రాసి ఇచ్చిన పుటలే ఈ గ్రంథమైనవి. నాటి వాయవ్య పరగణాల ప్రభుత్వం దీనికి వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది. రచయితకు మన నగరంతోనూ సంబంధం ఉంది. 1877 నుండి 1884 వరకు ఆయన హైదరాబాదు సంస్థానంలో ఉన్నతోద్యోగం చేశారు. కూతురి పెళ్ళి సారెలో ఈ పుస్తకాన్ని ఉంచి పంపిన ఇండ్లు ఉండేవంటే దాని ఆదరణ ఎంతటిదో ఊహించవచ్చు.

కథ ఢిల్లీలోని ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అక్బరీ, అస్గరీలను ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు. గారాబంగా పెరిగిన అక్బరీ అత్తవారితో పొసగక వేరు కాపురం పెట్టించుకుంటుంది. హజ్జు చేసి వచ్చానంటూ దగ్గరైన ఒక మాయలాడి చేతిలో నగలు పోగొట్టుకుంటుంది. చిన్నదైన అస్గరీ అదే అత్తవారింట అడుగుపెట్టి, ఏండ్ల తరబడి లెక్కల్లో మోసం చేస్తున్న పనిమనిషి మామా అజ్మత్ గుట్టు బయటపెడుతుంది, అప్పులు తీరుస్తుంది, భర్తను ఉద్యోగంలో నిలుపుతుంది, ఇంట్లోనే బాలికలకు చదువు చెబుతుంది. మామా అజ్మత్ బండారం బయటపడే ఘట్టం ఈనాటికీ నవ్విస్తుంది. బేగమాతీ జబాన్, అంటే అంతఃపుర స్త్రీల మాట, అంత సహజంగా పలికిన గ్రంథాలు ఆనాడు అరుదు.

అయితే అక్బరీ పట్ల రచయిత న్యాయంగా ఉన్నాడా? వేరు కాపురం కోరడమే ఆమె నేరమన్నట్టు కథ నడుస్తుంది. నేడు కర్మన్‌ఘాట్, చంపాపేట వైపు రెండు గదుల ఇండ్లలో కాపురముంటున్న ముస్లిం కోడళ్ళు ఎందరో ఉన్నారు. వారంతా అక్బరీలు కారు. వారి కష్టం వేరు. చిల్లా నలభై రోజులు పుట్టింట గడిపి, పసిగుడ్డుతో తిరిగివచ్చిన పిల్లకు పగలంతా పలకరించే మనిషి ఉండదు. బిడ్డ ఏడిస్తే భయం, నిద్రపోతే ఊపిరి ఆడుతున్నదా అని భయం.

ఆ భయానికి ఈ అద్దంలో ప్రతిబింబం వెదికితేనే గ్రంథంలోని పెద్ద వెలితి తెలుస్తుంది. అస్గరీకి పుట్టిన బిడ్డలు పలువురు దక్కలేదు. ఇంత గొప్ప విషయాన్ని నవల చివరికి నెట్టివేసింది. దూరదేశంలో ఉద్యోగం చేసే తండ్రి దూరందేశ్ ఖాన్ ఓదార్పు లేఖ ఒకటి వస్తుంది. పెళ్ళినాడు కాపురం ఎలా చేయాలో ఉత్తరం వ్రాసిన తండ్రే, బిడ్డలు పోయినప్పుడు దుఃఖం ఎలా దిగమింగాలో వ్రాస్తాడు. లేఖ గంభీరమైనది, వాదం గట్టిది. కాని పప్పు ఉప్పుల లెక్క సైతం అస్గరీ నోట పలికించిన రచయిత, ఆమె కడుపుకోతను మాత్రం తండ్రి కలానికి అప్పగించాడు. ఒక బిడ్డను మట్టికిచ్చిన తల్లి మళ్ళీ నెల తప్పినప్పుడు ఎలా వణికిందో పాఠకులకు తెలియదు.

ఆ రోజుల్లో పసిబిడ్డల మరణం ఇంటింటి మాట, శోకాలూ గుండె బాదుకోవడాలూ మాన్పించడం సంస్కర్త ధ్యేయం అని సమాధానం చెప్పవచ్చు. అది కొంతవరకే నిలుస్తుంది. ఎందుకంటే ఇదే నజీర్ అహ్మద్ తరువాతి కాలంలో దివ్య ఖుర్ఆన్‌ను వాడుక ఉర్దూలోకి అనువదించారు. ఆ గ్రంథంలో తల్లి భయం దాగి లేదు. ఖర్జూరపు మాను కింద ప్రసవవేదన పడిన హజ్రత్ మర్యం (అలై) తాను ముందే చనిపోయి ఉంటే బాగుండునని అనుకున్న మాట సూరా మర్యంలో ఉంది. హజ్రత్ మూసా (అలై) తల్లి గుండె శూన్యమైపోయిందని సూరా ఖసస్ చెబుతుంది. భయపడవద్దు, దుఃఖించవద్దు అన్న ఊరట నేరుగా ఆమెకే అందింది, ఆమె తండ్రికి కాదు. బిడ్డ మూలంగా తల్లిని బాధించరాదని, పాలిచ్చే తల్లి అన్నవస్త్రాలు తండ్రి బాధ్యత అని సూరా బఖరా విధించింది. పసివాడైన ఇబ్రాహీం ప్రాణం విడిచే వేళ దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు; అదేమిటని సహచరుడు అడిగితే అది కారుణ్యమన్నారు. సహనానికి కన్నీరు విరోధి కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ప్రసవానంతరం కొందరికి కలిగే దిగులును వైద్యులు నేడు చికిత్స చేయదగిన రోగంగా గుర్తిస్తున్నారు. అయినా మన ఇండ్లలో బాలింత దిగులుగా ఉంటే నమాజు సరిగా చేయడం లేదనో, దిష్టి తగిలిందనో అనేవారే ఎక్కువ. అస్గరీని ఆదర్శంగా చూపి కోడళ్ళను మందలించే పెద్దలు ఆ చివరి లేఖను మరొకసారి చదవాలి. అంత సమర్థురాలికి కూడా ఆ లేఖ అవసరమైంది.